అమ్మీ బటువాలో గోలీలు



ఈ మాట రాయడానికి నాకు రెండేళ్ళు పట్టింది. నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు "అల్లాహ్ మర్జీ, సబర్ చెయ్" అన్నారు. సబర్ చేశాను. ఇక చేయను.

మా అబ్బాకి పార్కిన్సన్స్. మన ఇళ్ళల్లో రాషా అంటాం, అంతా వణుకే అనుకుంటాం. అసలు బాధ బిగుసుకుపోవడం. పొద్దున ఆరింటికి, పదింటికి, రెండింటికి, సాయంత్రం ఆరింటికి లెవోడోపా గోలీ. వేళకి పడితే నడిచి మసీదుకు పోయేవారు. గంట ఆలస్యమైతే చెంచా పట్టుకోలేరు. ఒకరోజు వజూ చేస్తూ జారిపడ్డారు, తుంటి ఎముక విరిగింది.

దవాఖానాలో "రాత్రి పన్నెండు తర్వాత ఏమీ ఇవ్వొద్దు, నీళ్ళు కూడా" అన్నారు. ఎనిమిదింటికన్న ఆపరేషన్ మధ్యాహ్నం మూడింటికి జరిగింది. మూడు గోలీలు తప్పాయి. అవి అమ్మీ బటువాలోనే ఉన్నాయి. ఆపరేషన్ తర్వాత వాంతులని మెటోక్లోప్రమైడ్ సూది వేశారు. రాత్రికి అబ్బా కట్టెలా బిగిసిపోయారు. మింగలేకపోయారు, ఉమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వచ్చింది. ఎముక అతికింది. మనిషి మాత్రం మళ్ళీ తన కాళ్ళ మీద నిలబడలేదు. ఎనిమిది నెలలకు ఇంతెఖాల్ అయ్యారు.

జనాజాకు వచ్చినవాళ్ళంతా నసీబ్ అన్నారు. మౌత్ అల్లాహ్ చేతిలోది, అది నా ఈమాన్. కానీ బటువాలోని గోలీ మన చేతిలోది. మన గఫ్లత్‌ని తీసుకెళ్ళి అల్లాహ్ మీద వేయడం సబర్ కాదు, బొహ్తాన్.

కొందరు భాయీలు "ఖాళీ కడుపు ఉండాల్సిందే కదా" అంటారు. ఉండాల్సిందే. మత్తులో కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. కానీ ఆ రూలు అన్నానికి, పాలకి. గుక్కెడు నీళ్ళతో వేసే జరూరీ గోలీకి కాదు. మామూలు మనిషికి తేట నీళ్ళు మత్తుకు రెండు గంటల ముందు దాకా ఇవ్వచ్చని మత్తు డాక్టర్ల నియమాలే చెప్తాయి. లెవోడోపా రక్తంలో గంటన్నరకే సగానికి పడిపోతుంది. ఒక్కసారిగా ఆగితే ఒళ్ళు బిగుస్తుంది, మింగడం పోతుంది, ఒక్కోసారి తీవ్రమైన జ్వరంతో జాన్ మీదికి వస్తుంది. ఇది రోజా లాంటిదే అనుకున్నాం మేము. రోజాకైనా సహరీ ఉంది, బీమార్లకు మాఫీ ఉంది. మా అబ్బాకి ఆ రెండూ లేకుండా చేశాం.

ఆ సూది సంగతి కూడా వినండి. పార్కిన్సన్స్‌లో మెదడుకు డోపమైన్ చాలదు. మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజైన్ ఉన్న కాస్త డోపమైన్ పనినీ అడ్డుకుంటాయి. ఆపరేషన్ తర్వాత ముసలివాళ్ళు కలవరిస్తే ఇచ్చే హాలోపెరిడాల్‌దీ అదే దారి. వాంతులకు చాలామందికి ఓండాన్‌సెట్రాన్ సరిపోతుంది, అది డోపమైన్ జోలికి పోదు. సెలెజిలీన్, రాసాజిలీన్ వాడేవాళ్ళకు నొప్పికని పెథిడిన్ ఇస్తే ప్రాణం మీదికి రావచ్చు.

డాక్టర్ సాబ్‌లందరి మీదా ఇల్జామ్ వేయడం లేదు. ఎముకల డాక్టర్ ఎముక చూశాడు, నర్సమ్మ రూలు చూసింది. గోలీ వేళ చూడాల్సిన జిమ్మేదారీ ఎవరిది? వార్డులో ఎవరికీ అది పట్టలేదు. మేమూ అడగలేదు. సాబ్‌కి కోపం వస్తుందేమోనని చేతులు కట్టుకుని నిలబడ్డాం. అదబ్ అనుకున్నాం. అది బుజ్‌దిలీ.

కాబట్టి ఇంట్లో రాషా పేషెంట్ ఉన్నవాళ్ళు ఇప్పుడే ఒక కాగితం మీద గోలీల పేర్లు, మోతాదు, వేళలు, ఇవ్వకూడని సూదుల పేర్లు రాసి పెట్టుకోండి. ఆపరేషన్ ముందురోజే మత్తు డాక్టర్ చేతికి అది ఇవ్వండి. పొద్దున గోలీ ఎప్పుడు, లిస్టులో మొదటి ఆపరేషన్‌గా పెడతారా, మింగలేకపోతే ముక్కు గొట్టంలోంచి ఇస్తారా లేక చర్మం మీద అంటించే ప్యాచ్ పెడతారా, నడుము సూదితో సరిపోతుందా అని అడగండి. మెదడులో డీబీఎస్ యంత్రం ఉంటే ముందే చెప్పండి, ఆపరేషన్‌లో వాడే కరెంటు కత్తితో దానికి ఇబ్బంది. మీ అంతట మీరు దొంగచాటుగా మాత్రం గోలీ వేయకండి. గట్టిగా అడిగి, వాళ్ళచేతే కేస్ షీట్‌లో రాయించండి.

ఒంటెను కట్టేసి ఆ తర్వాత తవక్కుల్ చేయాలని ప్రతి జుమాకీ వింటాం. దవాఖానా గేటు దాటగానే తాడు వదిలేస్తాం.

ఆ బటువా ఇప్పటికీ అమ్మీ దగ్గరే ఉంది. ఆ మూడు గోలీలు పారేయనివ్వదు. మీ ఇంట్లో అలాంటి బటువా మిగలకూడదని నా దువా. అబ్బా మగ్‌ఫిరత్ కోసం మీరూ దువా చేయండి.