కనుగొన్నవా డెవరు?

1912లో అమెరికాయందు కొలంబియా విశ్వవిద్యాలయ విద్యార్థియగు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగు, 1906లో లీ డి ఫారెస్టు నిర్మించిన రేడియో వాల్వును పరీక్షించుచు, దానినుండి వెలువడు విద్యుత్తులో కొంత మరల దానికే యందించెను. సన్నని సంకేతము పెక్కురెట్లు హెచ్చెను. ఇంకను అందింపగా, అదను తప్పక త్రోయబడు ఉయ్యాలవలె వాల్వు తానే ఆగని డోలనములను పుట్టించెను. వాల్వులతో జరిగిన రేడియో ప్రసారములకు అదియే మూలము.

డి ఫారెస్టు ప్రయోగశాలలోను ఆ యేడే అట్టి కూత వినబడెను. కాని వినుట వేఱు, కారణ మెఱుగుట వేఱు. ఆవిష్కర్త యను పేరు ఎఱిగినవానికే చెల్లవలెను.

1934లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము మాత్రము డి ఫారెస్టు పక్షముననే తీర్పు చెప్పెను. ఎంతటి న్యాయమూర్తులైనను విద్యుద్వలయముల నెఱుగవలెనని లేదుగదా! రేడియో ఇంజనీర్ల సంస్థ తనకు తొల్లి యొసగిన పతకమును ఆర్మ్‌స్ట్రాంగు తిరిగి యీయబోయెను. సంస్థవారు దానిని పుచ్చుకొనక, ఆ గౌరవము ఆతనిదేయని నిండుసభలో చాటిరి.