తుమ్మెద చేయాల్సిన పని

నాగుల చవితి నాటికి విత్తిన జుకినీ నెలగంట పెట్టేసరికి పూతకొచ్చింది. ఈ పది రోజులుగా పొద్దున ఆరింటికి డాబా ఎక్కడం, మెత్తని కుంచె ఒకటి పట్టుకుని ఆ పూల ముందు కూర్చోవడం మా ఇంట్లో నిత్యకృత్యమైంది. ఇంగ్లండులో ఉన్న మనవాళ్లు దీన్నే కూర్జెట్ అంటారు. చూడ్డానికి కీర దోసలా కనిపిస్తుంది గానీ ఇది గుమ్మడికి చుట్టం. ఆకు పట్టి చూస్తే ఆ గరుకు, పువ్వు చూస్తే ఆ పసుపు గుమ్మడివే. ఒక్కటే తేడా, ఇది పాకదు. బీరకూ సొరకూ పందిరి కావాలి. గుమ్మడికి దొడ్డంతా కావాలి. జుకినీ మాత్రం ఉన్నచోటే గుబురుగా పెరిగి, మూడడుగుల మేర ఆకులు పరుచుకుని, కాండం మొదట్లోనే కాయలు పెడుతుంది. కుండీలో పెంచడానికి ఇంతకంటే అనువైన పాదు లేదు. పాకని దాన్ని పాదు అనవచ్చా అని తెలుగు మాస్టార్లు అడగవచ్చు. చుట్టూ మట్టి తీసి నీళ్లు నిలిపేదీ పాదే కదా, ఆ అర్థంలో అననివ్వండి.

అయితే దీనికి చిన్న కుండీ చాలదు. రెండు విత్తనాలు వేసి ఒక మొక్కనే ఉంచినా, మూరెడు వెడల్పు, అంతే లోతు ఉండాలి. మేం నీలం ప్లాస్టిక్ డ్రమ్మును సగానికి కోయించి అడుగున రంధ్రాలు పెట్టించాం. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు, గుప్పెడు వేపపిండి కలిపి నింపాం. తడిశాక ఇద్దరు పట్టినా కదలనంత బరువు. అందుకే శ్లాబు నడిమధ్యన కాకుండా కింద దూలం ఉన్నచోట పెట్టుకోవాలి. ఎండ ఆరు గంటలు తగలాలి. నీళ్లు మొదట్లోనే పోయాలి, ఆకుల మీద కాదు. ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచెత్తితే కాయ కొస నల్లబడి కుళ్లుతుంది. మట్టిలో సున్నం ఉన్నా నీరు నిలకడగా అందకపోతే అది కొసదాకా చేరదు. ఆకుల ఈనెల వెంట వెండి మచ్చలు కనిపిస్తే కంగారుపడక్కర్లేదు, కొన్ని రకాలకు అది పుట్టు రంగు. వేలితో తుడిస్తే పొడిలా అంటుకున్నదైతే బూడిద తెగులు.

ఇవన్నీ శ్రద్ధగా చేశాం. అయినా మొదటి ఏడు పిందెలూ రాలిపోయాయి. బొటనవేలంత కాగానే కొస పసుపెక్కి, మెత్తబడి, తాకితే ఊడి చేతిలోకొచ్చేవి. ఎరువు చాల్లేదన్నారు ఒకరు. ఎక్కువైందన్నారు మరొకరు. దిష్టి తగిలిందని ఎదురింటి పెద్దావిడ పాత చెప్పు కట్టమన్నారు. మొక్కేమో పచ్చగా, బలంగా ఉంది. దానికి తిండి కొరత కాదని, మరేదో లేదని అర్థమవడానికి రెండు వారాలు పట్టింది.

గుమ్మడి జాతి మొక్కకు మగపూలు వేరు, ఆడపూలు వేరు. సన్నని కాడ మీద నిలబడేది మగపువ్వు, ముందు అదే పూస్తుంది. వెనక చిటికెన వేలంత పిందె ఉన్నది ఆడపువ్వు, అది తర్వాత వస్తుంది. ఆ పిందెను చూసి కాయ కాసిందనుకుంటాం. నిజానికి అది కాయ కావడానికి చూస్తున్న ఎదురుచూపు మాత్రమే. మగపువ్వులోని పుప్పొడి జిగటగా, బరువుగా ఉంటుంది, గాలికి లేచేది కాదు. ఎవరో ఒకరు మోసుకురావాలి. పైగా పువ్వు విచ్చి ఉండేది ఉదయం కొన్ని గంటలే. ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది, మళ్లీ విచ్చదు. ఆ కాస్త వేళలో తేనెటీగో తుమ్మెదో రాకపోతే ఆ పువ్వు కథ అంతే. వచ్చినా ఒకసారి వచ్చి పోతే చాలదు. పుప్పొడి తక్కువ పడిన కాయ ఒక కొస బొద్దుగా, ఒక కొస సన్నగా, వంకరగా పెరిగి ఆగిపోతుంది.

మా డాబా మీదికి ఎవరూ రావడం లేదు. కారణం వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు. నిరుడు వేసవిలో నీళ్ల ట్యాంకు కింద ఒక తేనెతుట్టె పట్టింది. పిల్లలున్న ఇళ్లవాళ్లు భయపడ్డారు, ఆ భయం అబద్ధం కాదు. మనిషిని పిలిపించి మందు కొట్టించారు. మర్నాడు పొద్దున మెట్ల మీద చీపురుతో ఊడ్చి ఎత్తిన ఈగలు రెండు చేటలు. అప్పుడు మేమూ ఏమీ అనలేదు. అనాల్సింది. ఒకటి రెండు నెలలు ఆ మెట్ల తలుపు మూసి ఉంచితే అవి తమ దారిన ఇంకోచోటికి వెళ్లేవేమో. చెట్లు పూసే కాలాన్ని బట్టి తావు మార్చుకోవడం కొండ తేనెటీగలకు అలవాటే.

ఈ జుకినీకి పుట్టింటి తోడు ఒకటుంది. దీని జాతిని మనుషులు మొదట సాగులోకి తెచ్చింది మెక్సికోలో. అక్కడి వహాకా ప్రాంతపు గుహ ఒకదానిలో దొరికిన గుమ్మడి గింజల వయసు దాదాపు 10,000 ఏళ్లని తేల్చారు. ఆ పూల పుప్పొడి మీదే బతికే ఒంటరి తేనెటీగలు ఆ ఖండంలో ఉన్నాయి. గుమ్మడి సాగు ఉత్తరానికి పాకిన కొద్దీ అవీ వెంట వెళ్లాయి. తెల్లారకముందే లేచి పూల మీదికి వస్తాయి. మగ ఈగలు మధ్యాహ్నం ముడుచుకున్న పువ్వులోనే పడుకుంటాయి. కొలంబస్ తర్వాత గింజ ఐరోపా చేరింది. లేత కాయగా కోసుకునే ఈ పొట్టి రకాన్ని పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఇటలీలో, మిలాన్ వైపు, తీర్చిదిద్దారు. అక్కణ్ణుంచి మన డాబా దాకా వచ్చింది. ఆ ఈగ మాత్రం సముద్రం దాటలేదు. ఇక్కడ దీనికి దిక్కు మన తేనెటీగలూ తుమ్మెదలే.

ఇది తెలిశాక మన పాదులను కూడా కొత్తగా చూస్తున్నాం. సొరపువ్వు తెల్లగా సాయంత్రమే ఎందుకు విచ్చుతుందో, పొట్లపువ్వు రాత్రివేళ తెల్ల దారాలు ఎందుకు పరుచుకుంటుందో ఎన్నడైనా ఆలోచించామా? చీకట్లో తిరిగే రెక్కల పురుగులకు అవి కనిపించాలి. బీర సందె వేళ పూస్తే, దాని అక్కచెల్లెలు నేతిబీర తెల్లవారుజామున పూస్తుంది. కాకరది కూడా పొద్దుటి లెక్కే. దొండకైతే మగతీగె వేరు, ఆడతీగె వేరు, అందుకే గింజ వేయక కాసే తీగె ముక్క నాటుకుంటాం. పాత ఇళ్ల పెరట్లో ఈ పాదులన్నీ ఉండేవి. ఏ వేళ చూసినా ఏదో ఒకటి పూసి ఉండేది, ఎవరో ఒకరు వచ్చి వాలేవారు. ఒంటరి కుండీకి ఆ సందడి లేదు.

అందుకే కుంచె. మగపువ్వు మధ్యన తిప్పితే పసుపు పుప్పొడి అంటుకుంటుంది. ఆడపువ్వు నడుమ మూడు పాయలుగా ఉన్న ముద్ద మీద, ఏ పాయా వదలకుండా, మెల్లగా అద్దాలి. కుంచె లేకపోతే మగపువ్వునే కోసి రేకులు విడదీసి రాయవచ్చు. ఎనిమిది లోపల ముగించాలి. మూడో రోజుకు పిందె ముదురాకుపచ్చగా తేరుతుంది, వారం లోపే జానెడవుతుంది. అంతకు మించి ఉంచకూడదు, లేతగా కోస్తేనే తర్వాతి పూత నిలుస్తుంది. పప్పులో వేసినా, పెసరపప్పుతో కూర చేసినా, పచ్చడి నూరినా బాగుంటుంది.

కోసిన ప్రతి కాయ నుంచీ ఒక ముక్క నాలుకకు అంటించి చూడటం మానకండి. దోసకాయ పప్పులో వేసేముందు మన అమ్మలు చేసే పనే ఇది. చేదుగా ఉంటే ఉడికినా ఆ చేదు పోదు, అది ఒంటికి విషం. జర్మనీలో 2015లో ఇంటితోటలో కాసిన చేదు జుకినీ తిని ఒక వృద్ధుడు చనిపోయారు. మన దేశంలో చేదు సొరకాయ రసం తాగి ప్రాణాలు పోయిన తర్వాత భారత వైద్య పరిశోధన మండలి కూడా చేదుగా ఉన్నది తాగవద్దని హెచ్చరించింది. దాచుకున్న గింజల నుంచి, నీళ్లందక వడలిన మొక్కల నుంచి వచ్చిన కాయలైతే మరీ జాగ్రత్త.

మొన్న ఆదివారం అపార్టుమెంటు సమావేశంలో రెండే అడిగాం. డాబా మీద పాదులున్న వైపు దోమల మందు పొద్దున పూట కొట్టవద్దని, గోడ వెంట తులసి, బంతి, రెండు మూడు రకాల తీగలు పెట్టుకోనివ్వమని. చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరకు సరేనన్నారు. ఈసారి తుట్టె పడితే ముందు మాతో చెప్పమని కూడా అడిగాం, దానికి మాత్రం ఎవరూ మాట ఇవ్వలేదు.

పని పూర్తయ్యాక మగపూలు మిగిలిపోతాయి. పల్లెల్లో గుమ్మడి పాదు దగ్గర పెద్దవాళ్లు పిల్లలకు చెప్పేవారు, పిందె ఉన్న పువ్వు ముట్టుకోకండి, కాడ పువ్వే కోసుకోండి అని. ఈ ఉదయం కింది అంతస్తు పాప ముగ్గు మధ్యలో పెట్టిన గొబ్బెమ్మలకు పూలు కావాలని పైకొచ్చింది. ఏది కోయవచ్చో చూపిస్తే నాలుగు కోసుకుంది. నాలుగో పువ్వు పట్టుకుని, ఇందులో ఏదో ఉందంటూ చటుక్కున చేయి తీసేసింది. పుప్పొడి పూసుకున్న చిన్న నల్ల తేనెటీగ ఒకటి. అది బయటికొచ్చి, పక్కనున్న ఆడపువ్వు చుట్టూ రెండుసార్లు తిరిగి, లోపలికి వెళ్లింది.