బంగారు కేంద్రకాలు, బాదంపప్పు ఆకారం

క్యారమ్స్ ఆడేవారికి ఒక సంగతి అనుభవమే. స్ట్రైకరు బిళ్ళకు నడిమధ్య తగిలితే అది ఒక దారి పడుతుంది, అంచున తగిలితే మరొక దారి. చెదిరిన తీరును బట్టి దెబ్బ ఎక్కడ పడిందో చెప్పవచ్చు. భౌతిక శాస్త్రజ్ఞులు కూడ ఇంచుమించు ఇటువంటి ఆటే ఆడుతున్నారు. అయితే వారి బిళ్ళలు బంగారపు పరమాణు కేంద్రకాలు!

అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో, 3.8 కిలోమీటర్ల చుట్టుకొలత గల యంత్రంలో, ఈ ఆట 2000లో మొదలయింది. దాదాపు కాంతివేగంతో ఎదురెదురుగా వచ్చిన రెండు కేంద్రకాలు ఢీకొన్నప్పుడు వాటిలోని ప్రోటాన్లు, న్యూట్రాన్లు కరిగిపోయి, లోపలి క్వార్కులు, గ్లూవాన్లు లిప్తపాటులో వెయ్యోవంతు కూడ లేని కాలం బంధవిముక్తి పొందుతాయి. అప్పటి ఉష్ణోగ్రత 4 లక్షల కోట్ల డిగ్రీలని 2010లో ప్రకటించారు. విశ్వం పుట్టిన తొలి మైక్రోసెకన్లలో పదార్థమంతా ఈ స్థితిలోనే ఉండేదని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

చిక్కేమిటంటే, ఇంత చిన్న వస్తువులకు గురి చూడడం అసాధ్యం. కొన్ని ముఖాముఖి ఢీకొంటాయి. పెక్కు ఒరుసుకొని పోతాయి. ఏది ఏదో తెలుసుకొనడానికి వెలువడిన కణాలను లెక్కిస్తారు. వేలకొద్దీ వస్తే నిండు దెబ్బ, కొద్దిగా వస్తే అంచు దెబ్బ. దెబ్బ తినని న్యూట్రాన్లు తిన్నగా ముందుకు సాగిపోయి సాక్ష్యం చెబుతాయి. వీటికి 'ప్రేక్షకులు' అని పేరు. చక్కగా కుదిరిన పేరు.

విచిత్రం! గురి తప్పిన దెబ్బలే అసలు రహస్యం విప్పాయి. రెండు వృత్తాలు కొంతమేర ఒకదానిపై ఒకటి పడినచోట బాదంపప్పు ఆకారం ఏర్పడుతుంది గదా! అందులోని పదార్థం వాయువు వంటిదైతే కణాలు ఆ ఆకారాన్ని లక్ష్యపెట్టక అన్ని దిక్కులకూ సమంగా ఎగిరిపోవాలి. శాస్త్రజ్ఞులు చాలమంది ఎదురుచూచినదీ అదే. కాని బాదంపప్పు సన్నగా ఉన్న దిశలో ఎక్కువ కణాలు వెలువడినాయి. ఆ దిశలో ఒత్తిడి త్వరగా తగ్గుతుంది కనుక, తోపుడు బలం కూడ అటే హెచ్చు. అంటే కణాలు ఎవరికి వారుగా కాక, ఒక్క ప్రవాహంగా కదిలాయన్నమాట. అది వాయువు కాదనీ, జిగట దాదాపు లేని ద్రవమనీ 2005లో ప్రకటించారు.

2010లో జెనీవా వద్ద సీసపు కేంద్రకాలను ఢీకొట్టించినప్పుడూ ఇదే ప్రవాహం కనబడింది. ఈ రెండుచోట్లా ఫోటాన్లను లెక్కించే పరికరాన్ని అమర్చినవారు కలకత్తాలోని వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ కేంద్రమూ, మరికొన్ని భారతీయ సంస్థలూ కావడం మనకు సంతోషం.

కాని అదే సంవత్సరం అక్కడే ఒక కొత్త పేచీ పుట్టింది. ఒంటరి ప్రోటాన్లు రెండు ఢీకొని కణాలు మెండుగా వెలువడినప్పుడు కూడ ప్రవాహాన్ని పోలిన జాడ కనిపించింది. అంత ఇరుకు చోట ద్రవమెట్లా ఏర్పడుతుంది? ఈ వాదం ఇంకా తెగలేదు.