మీ ఆవిడ పాత్ర ప్రేమలో పడితే పాచికలకేం నొప్పి?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడించేవాళ్ళకి కొందరు పెద్దమనుషులు ఉచితంగా ఇచ్చే సలహా ఒకటుంది. ఆట నడిపేవాడి భార్యో, గర్ల్‌ఫ్రెండో అదే బల్ల దగ్గరుంటే ఆ అమ్మాయి పాత్రకి ప్రేమా దోమా ఉండకూడదట. ఎందుకయ్యా అంటే "ఎందుకొచ్చిన గొడవ" అంటారు. ఈ రూలు శుద్ధ దండగ. దండగే కాదు, అన్యాయం కూడా.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట ఇది. ఒక్కొక్కరికి ఒక్కో పాత్ర. మిగతా లోకమంతా, అంటే రాజులు, దొంగలు, రాక్షసులు, అందరూ డంజన్ మాస్టర్ చేతిలో ఉంటారు. ఏ పని ఎంత కష్టమో చెప్పేదీ ఆయనే. తేలికైతే 10, ఓ మాదిరైతే 15, కష్టమైతే 20. 20 ముఖాల పాచిక వేసి, మన పాత్ర బలం కలిపి ఆ అంకె అందుకోవాలి.

తిరకాసంతా ఇక్కడే. ఆవిడ పాత్ర పక్కవాడి పాత్రని ఇష్టపడిందనుకోండి. మాస్టరు గారికి కడుపు మండితే 10 చెప్పాల్సిన చోట 20 చెప్తాడు, ప్రియుడి మీదకి డ్రాగన్‌ని తోలుతాడు. పోనీ, ఆయన ఆడించే రాకుమారుడినే ఆవిడ ఇష్టపడితే? మొగుడూ పెళ్ళాం గంటసేపు కబుర్లాడుకుంటారు, మిగతా నలుగురూ చిప్స్ తింటూ ఫోన్లు చూసుకుంటారు. రెండిట్లోనూ తప్పు ప్రేమది కాదు, చేతిలో ఉన్న అధికారాన్ని సొంతానికి వాడుకున్నవాడిది. తన కోడ్ తనే రివ్యూ చేసి అప్రూవ్ కొట్టుకోవడం లాంటిదే ఇది. అలా జరిగితే రివ్యూ పద్ధతి మారుస్తాం గానీ కోడ్ రాయడం మానెయ్యమంటామా?

"నిజం మొగుడు ఎదురుగా ఉండగా..." అని నసిగేవాళ్ళు 2015లో ఇంటర్నెట్‌లో మొదలైన క్రిటికల్ రోల్ చూడండి. అందులో మొదటి కథ 2017 దాకా నడిచింది. నడిపింది మాట్ మెర్సర్. మరీషా రే పాత్ర ప్రేమించింది లియామ్ ఓబ్రయన్ పాత్రని. మాట్, మరీషా ఆ 2017లోనే పెళ్ళి చేసుకున్నారు! అదే బల్ల దగ్గర లారా బెయిలీ పాత్ర టాలీసిన్ జాఫీ పాత్రతో ప్రేమలో పడితే, ఆవిడ భర్త ట్రావిస్ విల్లింగ్‌హామ్ తన పాత్ర తను ఆడుకున్నాడు. కొంపలేం మునగలేదు.

వాళ్ళు వృత్తి నటులు, మనం కాదు అంటారా? నిజమే. అందుకే మొదటి రోజే అందరూ మాట్లాడుకోవాలి. ఏవి అసలు రానివ్వకూడదు, ఏవి తెర వెనకే జరిగిపోవాలి అన్నది ముందే తేల్చుకోమని రాన్ ఎడ్వర్డ్స్ 2003లోనే 'లైన్స్ అండ్ వెయిల్స్' పేరుతో చెప్పాడు. దానికి ఇంకో రెండు కలపండి. పాచిక వెయ్యకముందే అంకె పైకి చెప్పాలి. ప్రేమ సీను ఐదు నిమిషాల్లో ముగించి పక్కవాళ్ళకి ఆట అందించాలి. మనసులో ఇబ్బందిగా ఉంటే ఇంట్లో నోరు తెరిచి చెప్పాలి గానీ డ్రాగన్‌తో చెప్పించకూడదు.

నిషేధం పెడితే నష్టపోయేదెవరో చూడండి. మాస్టరు కాదు, పక్కవాడు కాదు, ఆవిడ ఒక్కతే. ఆవిడ వచ్చింది ఆడటానికి, మాస్టరు గారి శ్రీమతిగా కుర్చీలో కూర్చోవడానికి కాదు. అంతగా తట్టుకోలేకపోతే కుర్చీ దిగాల్సింది మాస్టరే. కాదంటారా?