కోట కాసినవాళ్ళు వెళ్ళిపోయాక



పోయిన సంచికలో చెడుగుడు గురించి రాసిన తరువాత చాలా ఉత్తరాలు వచ్చాయి. హోసూరు, షోలాపూరు, బరంపురం నుంచి వచ్చినవన్నీ తమ ఊరి జట్ల ముచ్చట్లే. బళ్ళారి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం మాత్రం వేరే దారి పట్టింది. ఆవిడ కొడుకూ కోడలూ అమెరికాలో అట్లాంటా దగ్గర స్థిరపడ్డారు. మనవడు జార్జియా విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. "ఏడాది పొడుగునా బుద్ధిగా మాట్లాడే పిల్లవాడు ఆగస్టు నెల వచ్చేసరికి ఫోనులో డిఫెన్స్, డిఫెన్స్ అంటాడు. పోయినేడు ఆడినవాళ్ళు వెళ్ళిపోయారు నానమ్మా, ఈసారి ఏమవుతుందో అని దిగులు పడతాడు. కాలేజీ పిల్లల ఆటకి ఇంత దిగులేమిటండీ? వాళ్ళు వెళ్ళిపోతే కొత్తవాళ్ళు రారా?" అని ఆవిడ ప్రశ్న.

"కొత్తవాళ్ళు రారా?" అన్న ఆ ఒక్క మాట మీదే అక్కడ ఆగస్టు నెలంతా పత్రికలు నిండుతాయి, టీవీలు మోగుతాయి. కాబట్టి ఈసారి కబుర్లు దాని గురించే.

ముందు ఆట సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాలి. మనం ఫుట్‌బాల్ అనేదాన్ని వాళ్ళు సాకర్ అంటారు. వాళ్ళు ఫుట్‌బాల్ అనే ఆటలో బంతి రెండు చివరలా కోసుగా ఉంటుంది, కాలికన్నా చేతికే పని ఎక్కువ. నూరు గజాల మైదానం, ఒక్కో పక్క పదకొండు మంది. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి, జరగలేకపోతే బంతి అవతలివాళ్ళకు పోతుంది. చివరి గీత దాటిస్తే ఆరు పాయింట్లు, ఆ పైన ఒక తన్నుకు ఇంకొకటి. దూరం నుంచి రెండు స్తంభాల మధ్యగా తన్నితే మూడు. మనకు వింతగా తోచేది ఏమిటంటే, బంతితో దాడి చేసేవాళ్ళు వేరు, అడ్డుకునేవాళ్ళు వేరు. బంతి చేతులు మారగానే పదకొండు మందీ బయటికి నడుస్తారు, వేరే పదకొండు మంది లోపలికి వస్తారు. ఆ అడ్డుకునే దళమే మన నానమ్మగారి చెవిన పడుతున్న డిఫెన్స్.

అందులో మూడు వరసలు. ముందు వరసలో కొండల్లాంటి మనుషులు, నూట యాభై కిలోలు తూగేవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళ వెనక లైన్‌బ్యాకర్లు. అటు పరుగెత్తేవాణ్ణి పట్టాలి, ఇటు విసిరిన బంతినీ అడ్డాలి, పైగా ఎవరెక్కడ నిలబడాలో కేక వేసి చెప్పాలి. అందరికన్నా వెనక, గాలిలో వచ్చే బంతికి కాపలాగా చురుకైన కుర్రవాళ్ళు. చెడుగుడు ఆడినవాళ్ళకు దీని కిటుకు వెంటనే తెలుస్తుంది. కూతకు వచ్చినవాణ్ణి మూలనున్నవాడు కాలు పట్టిన క్షణంలో పక్కవాళ్ళు వచ్చి మీద పడాలి. ఒకడు ముందే తొందరపడితే ఇద్దరు ముగ్గురు అవుటవుతారు. బలం కన్నా ఒకరి కదలిక ఒకరికి తెలిసి ఉండటం ముఖ్యం. అది తెలిసేసరికి రెండు మూడేళ్ళు పడుతుంది. తెలిసిన మరుసటి ఏడే పిల్లవాడు కాలేజీ విడిచి పోతాడు! హైస్కూలు ముగిసి మూడేళ్ళు కానిదే వృత్తి జట్లు ఎవరినీ తీసుకోవు. ఆ మూడేళ్ళూ నిండగానే బాగా ఆడేవాళ్ళు ఆగరు. ఇక దిగులు ఎందుకుండదు?

ఇందుకు ఆ మనవడి కాలేజీ కన్నా మంచి ఉదాహరణ దొరకదు. జార్జియా విశ్వవిద్యాలయం 1785లో ఏర్పడింది. ఏథెన్స్ అనే ఊళ్ళో ఉంది. జట్టు పేరు బుల్‌డాగ్స్, అచ్చంగా తెల్ల బుల్‌డాగ్‌నే మైదానానికి తీసుకొచ్చి కూర్చోబెడతారు. స్టేడియంలో తొంభై వేల పైచిలుకు మంది పడతారు. ఒక కాలేజీ మైదానానికి అంత జనమా అని ముక్కున వేలేసుకోకండి, ఆ దేశంలో దీనికన్నా పెద్దవి కూడా ఉన్నాయి.

2021లో ఆ జట్టు డిఫెన్స్ చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. క్లెమ్‌సన్‌తో జరిగిన మొదటి ఆట 10-3తో గెలిచారు. ఆ ఆటలో జార్జియా చేసిన ఒకే ఒక్క టచ్‌డౌన్ కూడా డిఫెన్స్ కుర్రవాడు క్రిస్టఫర్ స్మిత్ చేసిందే. అవతలివాళ్ళ బంతిని మధ్యలో అందుకుని 74 గజాలు పరుగెత్తాడు. ఆ ఏడు మొదటి పన్నెండు ఆటల్లో కలిపి వాళ్ళు ఇచ్చిన పాయింట్లు 83. అంటే ఆటకు ఏడు కూడా లేవు. డిసెంబరులో అలబామా చేతిలో 41-24తో చిత్తుగా ఓడారు. అప్పుడు "అంతా వట్టి గాలి" అన్నవాళ్ళకు 2022 జనవరి 10న సమాధానం దొరికింది. అదే అలబామాను 33-18తో ఓడించి జాతీయ విజేతలయ్యారు. 41 ఏళ్ళ తరువాత వచ్చిన బిరుదు అది. చివర్లో కీలీ రింగో బంతిని మధ్యలో అందుకుని 79 గజాలు పరుగెత్తి ఆట ముగించాడు.

ఆ సంబరం తీరేలోగా ఇల్లు ఖాళీ అయింది. 2022 ఏప్రిల్‌లో వృత్తి జట్లు కుర్రవాళ్ళను ఎంచుకునే డ్రాఫ్టులో జార్జియా నుంచి 15 మంది వెళ్ళారు. వారిలో ఎనిమిది మంది డిఫెన్స్ వాళ్ళు. ట్రావన్ వాకర్ దేశం మొత్తం మీద మొదటివాడుగా ఎంపికయ్యాడు. జోర్డన్ డేవిస్, క్వే వాకర్, డెవాంటే వయట్, లూయిస్ సైన్ కూడా మొదటి రౌండులోనే పోయారు. ఒకే కాలేజీ డిఫెన్స్ నుంచి ఒకే ఏడు అయిదుగురు మొదటి రౌండులో వెళ్ళడం అంతకు ముందెన్నడూ లేదు. దళానికి మెదడు అనిపించుకున్న నకోబీ డీన్ మూడో రౌండులో వెళ్ళాడు. ఇది చాలదన్నట్టు డిఫెన్స్ కోచ్ డాన్ లానింగ్ ఆరెగన్ విశ్వవిద్యాలయానికి ప్రధాన కోచ్‌గా వెళ్ళిపోయాడు.

అప్పుడు ఆగస్టులో పండితులు ఏమన్నారో ఊహించడం కష్టం కాదు. ఎందరు పోయారో వేళ్ళ మీద లెక్కపెట్టారు. సీజనుకు ముందు విలేఖరుల ఓటింగులో అలబామాకు మొదటి స్థానం, ఒహాయో స్టేట్‌కు రెండో స్థానం, విజేతలైన జార్జియాకు మూడో స్థానం ఇచ్చారు. మూడో స్థానం చిన్నతనమేమీ కాదనుకోండి. కానీ ఆ లెక్కలో ఒక లోపం ఉంది. వెళ్ళినవాళ్ళను లెక్కపెట్టారు గాని, వాళ్ళ వెనక బెంచి మీద ఎవరున్నారో సరిగా చూడలేదు.

ప్రధాన కోచ్ కర్బీ స్మార్ట్ స్వయంగా ఆ కాలేజీ డిఫెన్స్‌లో ఆడినవాడు, తరువాత చాలా ఏళ్ళు అలబామా డిఫెన్స్‌ను నడిపినవాడు. 2021లో ఆయన ముందు వరసలో మనుషుల్ని వంతులవారీగా తిప్పాడు. డేవిస్, వయట్ అలసిపోతే జలెన్ కార్టర్ దిగేవాడు. పేరుకు వంతు మనిషే గాని ఫైనల్లో అలబామా తన్నిన బంతిని చేత్తో ఆపింది అతనే. అంటే 2022 ఆగస్టు నాటికి "కొత్తవాడు" అనిపించుకున్న కార్టర్ అప్పటికే పెద్ద ఆటలు చూసిన కుర్రవాడు. వెనక వరసలో క్రిస్టఫర్ స్మిత్, రింగో ఉండనే ఉన్నారు. లానింగ్ స్థానంలోకి వచ్చిన ఇద్దరూ, గ్లెన్ షూమన్, విల్ మస్‌చాంప్, అప్పటికే ఆ జట్టుతో పనిచేస్తున్నవాళ్ళే. పిలుపులు మారలేదు, పాఠం మారలేదు. ఇంట్లో పెద్దకోడలు వేరుకాపురం పెట్టినా, అత్తగారి పక్కన నిలబడి నాలుగేళ్ళు వంట చూసిన చిన్నకోడలు ఉన్నట్టు.

2022 సెప్టెంబరు 3న అట్లాంటాలో మొదటి ఆట. అవతలి జట్టు ఆరెగన్! వాళ్ళ కోచ్ ఎవరో ఇప్పుడే చెప్పుకున్నాం. ఈ డిఫెన్స్ గుట్టుమట్లన్నీ తెలిసిన లానింగే. అయినా ఫలితం 49-3. హైస్కూలు ముగించి వచ్చిన మలాకై స్టార్క్స్ తన మొదటి ఆటలోనే గాలిలోకి దూకి బంతి అందుకున్నాడు. తరువాతి ఆట 33-0. ఆ తరువాతిది 48-7. ఇక అప్పటినుంచి పండితుల పాట మారింది. పాతవాళ్ళకన్నా వీళ్ళే గొప్ప అన్నవాళ్ళు కూడా బయలుదేరారు. ఇదీ అంతే తొందరపాటు మాట. అక్టోబరు 1న మిస్సోరీ మీద చివరి భాగం దాకా వెనకబడి ఉండి 26-22తో బయటపడ్డారు. నెలాఖరున ఫ్లోరిడాతో ఆటలో నోలన్ స్మిత్ గాయపడ్డాడు. అవతలి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకుపోవడంలో జట్టుకు ముఖ్యుడు, ఆ తరువాత ఆ ఏడు మళ్ళీ ఆడనేలేదు.

ఇక్కడొక చిత్రం. నోలన్ లేని వారం తరువాత, నవంబరు 5న, అప్పుడు మొదటి స్థానంలో ఉన్న టెనెసీని 27-13తో కట్టడి చేశారు. పాయింట్లు కుప్పలుగా పోసే జట్టు అది. ఆ ఏడు జార్జియా డిఫెన్స్ ఆడిన ఉత్తమమైన ఆట అదేనని నా అభిప్రాయం. కానీ ఆ లోటు పూడలేదని డిసెంబరులో తేలింది. ఎల్.ఎస్.యు. మీద 50-30తో గెలిచారు, అయినా 30 పాయింట్లు ఇచ్చారు. డిసెంబరు 31న ఒహాయో స్టేట్ 41 పాయింట్లు పోసింది. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ సి.జె. స్ట్రౌడ్‌కు నిలబడి చూసుకుని విసరడానికి వ్యవధి దొరికింది. నాలుగు టచ్‌డౌన్ బంతులు విసిరాడు. సరిగ్గా కొత్త సంవత్సరం గంట కొట్టే వేళకు వాళ్ళ 50 గజాల తన్ను పక్కకు పోబట్టి జార్జియా 42-41తో బతికింది. ఆ తన్ను రెండు స్తంభాల మధ్య పడి ఉంటే, "చూశారా, పాతవాళ్ళు లేని లోటు" అని ఈ వ్యాసం మరోలా రాయాల్సి వచ్చేది. 2023 జనవరి 9న ఫైనల్లో టి.సి.యు. మీద 65-7. పదిహేను ఆటలూ గెలిచారు.

లెక్క చూస్తే 2021లో 15 ఆటల్లో ఇచ్చినవి 153 పాయింట్లు, 2022లో అన్నే ఆటల్లో 214. ఆటకు నాలుగు పాయింట్లు ఎక్కువ. కోట కూలిందన్నవాళ్ళదీ కాదు, అసలు తేడాయే లేదన్నవాళ్ళదీ కాదు. తగ్గింది, తగ్గినా సరిపోయింది. దాడిచేసే దళం బాగా పాయింట్లు తెచ్చింది కాబట్టి ఆ నాలుగూ కనిపించలేదు.

కాబట్టి బళ్ళారి సోదరీ, మీ మనవడు ఈసారి దిగులు పడితే ఎందరు వెళ్ళారని అడగకండి. వెళ్ళినవాళ్ళ వెనక పోయినేడు ఎవరు దిగేవారు, రెండో వరసలో కేక వేసి నిలబెట్టేవాడు మారాడా, డిఫెన్స్ కోచ్ పాతవాడేనా, అవతలి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకేవాడు ఒక్కడేనా, ఇద్దరున్నారా? ఈ నాలుగూ అడిగి చూడండి. నానమ్మకు ఇంత తెలుసా అని వాడు నిర్ఘాంతపోతాడు.

కానీ వాడి దిగులు వట్టిది మాత్రం కాదు. 2022లో జార్జియాను కాపాడింది బెంచి మీద ఓపిగ్గా కూర్చున్న పిల్లలు. ఆ ఓపికకు ఇప్పుడు ఖరీదు వచ్చింది. 2021 జూలై నుంచి కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు. ఆ ఏడే, ఒకసారి కాలేజీ మారినా ఏడాది ఖాళీగా కూర్చోనక్కరలేకుండా ఆడవచ్చన్నారు. 2024 నుంచి చదువులో అర్హత ఉంటే ఎన్నిసార్లయినా మారవచ్చు. 2025లో కోర్టు ఒప్పుకున్న రాజీ ప్రకారం కాలేజీలే ఆటగాళ్ళకు నేరుగా డబ్బు ఇవ్వవచ్చు, మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి హద్దు సుమారు రెండు కోట్ల అయిదు లక్షల డాలర్లు. ఎన్నో ఏళ్ళు వాళ్ళ చెమట మీద కాలేజీలు సంపాదించుకున్నాయి కాబట్టి, పిల్లలకు డబ్బు రావడం న్యాయమే అంటాను. కాని ఇంకోచోట మొదటి వరసలో చోటూ, చేతిలో సొమ్మూ ఇస్తామంటే పందొమ్మిదేళ్ళ కుర్రవాడు రెండో వరసలో ఎందుకు ఆగుతాడు? ముందు పోయేవాళ్ళు ఎవరో డ్రాఫ్టులో తెలిసిపోతుంది. వెనక పోయేవాళ్ళ సంగతి ముందుగా ఎవరికీ తెలియదు. అందుచేత ఆగస్టు అంచనాలు ఇదివరకటికన్నా ఇప్పుడు మరింత గాలిలో దీపాలు.

ఇంకొక్క మాట. ఆటలు ఎక్కువగా శనివారాల్లో, ఆగస్టు చివరినుంచి మొదలు. అక్కడ మధ్యాహ్నం మూడున్నరకు మొదలయ్యే ఆట మనకు అర్ధరాత్రి దాటి ఒంటిగంటకు, నవంబరు మొదటి వారం తరువాత రెండింటికి. దానికోసం మీరు మేలుకోనక్కరలేదు. ఆదివారం పొద్దున ఏడింటికి కాఫీ తాగి ఫోను చేయండి. అక్కడ ఇంకా శనివారం రాత్రే, పిల్లవాడు పడుకుని ఉండడు. ఎన్ని పాయింట్లు ఇచ్చారో గొంతు వినగానే తెలిసిపోతుంది.