పాన్ నంబరు మర్చిపోయారా? కొత్త కార్డుకు మాత్రం దరఖాస్తు చేయొద్దు

బ్యాంకులో కేవైసీ ఫారం నింపుతున్నారు. పాన్ గడి దగ్గరకు వచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. కార్డు ఎక్కడ పెట్టారో తెలియదు, నంబరు గుర్తులేదు. ‘ఆధార్ ఉంటే ఆన్‌లైన్‌లో నిమిషాల్లో కొత్తది వచ్చేస్తుంది, తీసేసుకోండి’ అని పక్కనున్నవాళ్లు ఎవరో ఒకరు అంటారు. ఆ మాట వినకండి. ఒకరికి ఒకే పాన్ ఉండాలి. రెండోది ఉన్నట్టు తేలితే ఆదాయపు పన్ను శాఖ రూ.10,000 జరిమానా వేయొచ్చు.

ఇందులో ఓ చిక్కు కూడా ఉంది. మీ పాత పాన్ ఆధార్‌తో లింకై ఉంటే, ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో ఇన్‌స్టంట్ ఈ-పాన్‌కు ప్రయత్నించినా ‘ఈ ఆధార్‌కు ఇప్పటికే పాన్ ఉంది’ అని చెప్పి ఆపేస్తుంది. లింకు కాని పాన్ అయితే ఆ అడ్డు ఉండదు. అంటే, ఎప్పుడో పదేళ్ల కిందట ఏజెంటు చేత తీయించుకుని ఆ తర్వాత పట్టించుకోని వారే ఎక్కువగా ఇరుక్కుంటారు. పైగా ‘నాకు ఇంతకుముందు పాన్ లేదు’ అని టిక్ పెట్టేది మీరే.

మరి నంబరు ఎక్కడ దొరుకుతుంది? పాన్, ఆధార్ లింకై, ఈ-ఫైలింగ్‌లో ఖాతా ఉన్నవారికి పని తేలిక. యూజర్ ఐడీ దగ్గర పాన్ బదులు ఆధార్ నంబరు ఇచ్చి లాగిన్ కావచ్చు. లోపల ప్రొఫైల్‌లో పాన్ కనిపిస్తుంది. డిజీలాకర్‌లోకి ఎప్పుడైనా పాన్ తెచ్చుకుని ఉంటే అక్కడా ఉంటుంది.

అవేవీ లేకపోతే కాగితాలు వెతకాల్సిందే. పాత ఫారం 16, రిటర్ను రసీదు, డీమ్యాట్ ఖాతా పత్రాలు చూడండి. ఖాతా తెరిచేటప్పుడు పాన్ ఇచ్చి ఉంటే బ్యాంకు రికార్డుల్లోనూ ఉంటుంది, గుర్తింపు కార్డు తీసుకెళ్లి బ్రాంచిలో అడగండి. మెయిల్‌లో వచ్చే మ్యూచువల్ ఫండ్ స్టేట్‌మెంట్ల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. చాలావాటికి పాస్‌వర్డు పాన్ నంబరే!

ఫారం 16 దొరికితే కాస్త జాగ్రత్త. అందులో మీ పాన్‌తో పాటు కంపెనీ పాన్ కూడా ఉంటుంది. పాన్‌లోని పది అక్షరాల్లో నాలుగోది పీ అయితే వ్యక్తిది, సీ అయితే కంపెనీది. ఐదో అక్షరం దరఖాస్తులో ‘సర్‌నేమ్’ గడిలో రాసిన పేరులోని మొదటి అక్షరం. మన దగ్గర కొందరు ఆ గడిలో ఇంటిపేరు రాస్తారు, కొందరు అసలు పేరు రాస్తారు. కాబట్టి ఐదో అక్షరం ఇంటిపేరుతో కలవలేదని ఆ నంబరు మీది కాదనుకోకండి.

నంబరు దొరికాక కార్డు సంగతి చిన్నదే. ఇన్‌స్టంట్ ఈ-పాన్ తీసుకున్నవారు ఈ-ఫైలింగ్ పోర్టల్ నుంచే ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మిగతావారు ఒకప్పటి ఎన్‌ఎస్‌డీఎల్, ఇప్పటి ప్రొటియన్ సైట్‌లో గానీ, యూటీఐఐటీఎస్ఎల్ సైట్‌లో గానీ రీప్రింట్ అడగాలి. కార్డు ఇచ్చింది ఏ సంస్థయితే అక్కడే దరఖాస్తు చేయాలి. దేశంలోని చిరునామాకైతే రుసుము రూ.50. ఇంతకన్నా ఎన్నో రెట్లు అడిగే ఏజెంట్లకూ, ‘పాన్ 2.0’ పేరుతో వచ్చే లింకులకూ ఆధార్ ఓటీపీ చెప్పొద్దు.

దొరికిన పాన్ ఆధార్‌తో లింకు కాలేదని తేలితే అది 2023 జులై 1 నుంచి పనిచేయని జాబితాలో ఉండే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు రిఫండ్ రాదు, టీడీఎస్ ఎక్కువ కోస్తారు. రూ.1,000 కట్టి లింకు చేసుకుంటే మళ్లీ అదే నంబరు పనిచేస్తుంది. ఎన్నారైల వంటి కొందరికి ఈ లింకు నుంచి మినహాయింపు ఉంది.

రీప్రింట్ కార్డు మీరు ఇప్పుడుంటున్న ఇంటికి కాకుండా పాన్ రికార్డుల్లోని చిరునామాకు వస్తుంది. ఇల్లు మారి ఉంటే ముందు ఆ చిరునామా మార్పించుకుని, ఆ తర్వాతే రూ.50 కట్టండి.