పల్లెటింటికి ల్యాప్‌టాప్: వేగం కన్న నిలకడ మిన్న

ఉద్యోగవిరమణ చేసిన తెలుగు పండితుణ్ణి యంత్రాలను గురించి సలహా అడగడం వింతగానే తోస్తుంది. అయినా మా నాగావళీతీర గ్రామాలలో "మేస్టారూ, ఇంటికి ఏ ల్యాప్‌టాప్ కొనమంటారు? ఏ నెట్టు పెట్టించుకోమంటారు?" అని అడిగేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. కారణం తెలియనిది కాదు. శ్రీకాకుళం, విజయనగరం సీమలు వలసల సీమలు. బిడ్డలు హైదరాబాదులోనో, చెన్నపట్నంలోనో, సముద్రాలకు ఆవలనో ఉంటారు. ఇంట మిగిలేది వృద్ధదంపతులు, బడికి వెళ్ళే మనుమలు. ల్యాప్‌టాప్‌కు ఒక సంస్కృతసమాసం కల్పించడం నాకు కష్టం కాదు గాని, ఊళ్ళోని కరెంటు మేస్త్రీకి కూడా తెలిసిన పేరునే నేనూ వాడుతున్నాను.

"చేతిలో ఫోను ఉండగా ఇంకొకటి ఎందుకు?" అన్నది పూర్వపక్షం. దీనిని తేలికగా కొట్టివేయరాదు. డబ్బు పంపడానికి, తుపాను హెచ్చరిక తెలుసుకోవడానికి, మనుమరాలి ముఖం చూడడానికి ఫోను చాలు. అయితే ఫోను ప్రధానంగా చూడడానికి అనువైన పరికరం. నాలుగు పుటల వ్యాసం రాయాలన్నా, ఉపకారవేతనపు దరఖాస్తు తప్పులు లేకుండా నింపాలన్నా, అచ్చుపుస్తకపు పుటను కన్నులకు శ్రమ లేకుండా చదవాలన్నా ఆ అరచేతి తెర చాలదు.

దీనికి మన జిల్లాలోనే నిదర్శనం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు, ఆయన కూడా బడిపంతులే, 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయాన్ని స్థాపించారు. 1995లో తమకు వచ్చిన కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారపు సొమ్మును ఇందుకు వినియోగించారు. అక్కడ చేరిన కథలెన్నో నేడు స్కాన్ పుటలుగా అంతర్జాలంలో దొరుకుతున్నాయి. పాత పత్రికలోని రెండుమూడు నిలువు వరుసల పుటను ఫోనులో చదవబూనితే, తెరను వేలితో అటూ ఇటూ జరుపుకోవడంలోనే కథ చేజారిపోతుంది. శ్రీకాకుళంలో భద్రపరచిన కథను శ్రీకాకుళపు పల్లెలోని పిల్లవాడు చదువలేక, అమెరికాలోని తెలుగువాడు హాయిగా చదువగలిగితే, ఆ లోటు ఎవరిది? ఆంధ్రభారతి వారు వెతుక్కోవడానికి వీలుగా ఉంచిన నిఘంటువుల సంగతీ ఇంతే. ఒకప్పుడు సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలకోసం పట్టణ గ్రంథాలయానికి వెళ్ళవలసివచ్చేది.

ఇక సిద్ధాంతం. ల్యాప్‌టాప్ కొనేటప్పుడు అంగడివాడు చెప్పే విశేషణాలలో మన ఇంటికి పనికివచ్చేవి నాలుగే. జ్ఞాపకశక్తి, అనగా ర్యామ్, 8 జీబీ ఉండాలి. నిల్వకు తిరిగే డిస్కు కాక, కదిలే భాగాలు లేని ఎస్.ఎస్.డి. ఉండాలి, పిల్లల చేతులలో కుదుపులకు అదే తట్టుకుంటుంది. తెర 14 అంగుళాలకు తగ్గరాదు. నాలుగవది మరమ్మతు: ఆ కంపెనీ సేవాకేంద్రం శ్రీకాకుళంలోగాని, విజయనగరంలోగాని, కనీసం విశాఖపట్నంలోగాని ఉన్నదో లేదో ముందే విచారించాలి. పాతది కొనేవారికి ఇంకొక హెచ్చరిక. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత యంత్రాలు చాలావరకు విండోస్ 11ను అధికారికంగా స్వీకరించవు. అట్టివాటిలో ఉచితంగా లభించే లినక్స్ వేసుకొంటే చదువుకు, రాతకు ఏ కొరతా రాదు.

తెలుగు రాయడానికి ప్రత్యేకయంత్రం అక్కరలేదు. పూర్వం డీటీపీ ఖతులతో కూర్చినది మరొక కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగీతలై కనిపించేది. యూనికోడ్ ఆ దురవస్థను తొలగించింది. దంత్య ౘ, ౙలకు సైతం 2008లో వెలువడిన 5.1 కూర్పులో చోటు దొరికింది. ఇన్‌స్క్రిప్టు మీటల అమరిక నేర్చుకోమని నేను పిల్లలకు చెబుతాను. అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వస్తాయి. 'క' మీటనే షిఫ్టుతో నొక్కితే 'ఖ' పడుతుంది. వర్ణమాల తెలిసినవానికి అది సగం వచ్చినట్టే. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయడానికి అలవాటుపడిన పిల్లవానికి అల్పప్రాణ మహాప్రాణ భేదం ఈ మీటలే నేర్పుతాయి.

ఇంటర్నెట్ విషయానికి వస్తే, అందరూ వేగాన్నే అడుగుతారు. 2004 విధానంలో 256 కిలోబిట్ల వేగాన్నే బ్రాడ్‌బ్యాండు అన్నారు. 2013లో అది 512 అయింది. 2023లో 2 మెగాబిట్లకు పెరిగింది. ప్రకటనలలోనివి బిట్లు, మన ఫైళ్ళ కొలత బైట్లు. ఒక బైటుకు ఎనిమిది బిట్లు. 10 మెగాబిట్ల వేగం నిజంగా అందితే 40 మెగాబైట్ల స్కాన్ పుస్తకం సుమారు అర నిమిషంలో దిగుతుంది. మన అవసరానికి అంతకుమించిన ఆర్భాటం అనవసరం. మన ముఖం బిడ్డలకు కనిపించాలంటే మాత్రం దిగే వేగంతోపాటు ఇంటినుండి వెళ్ళే వేగాన్నీ అడగాలి.

అంతకన్న ముఖ్యం నిలకడ. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, నెలకు 149 రూపాయల తొలి పథకంతో టీవీ, టెలిఫోను, ఇంటర్నెట్ మూడింటినీ పల్లెలకు చేర్చబూనింది. తక్కువ ఖర్చులో పని జరగడానికి ఆ తీగను చాలావరకు కరెంటు స్తంభాలమీదుగా లాగారు. ఆలోచన మంచిదే. కాని మనది తుపానుల తీరం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతాన తీరం దాటినప్పుడు ఉద్దానపు కొబ్బరితోటలతోపాటు వేలాది స్తంభాలు కూలాయి. స్తంభం కూలితే దానిమీది తీగ ఉండదు. సెల్‌టవరు కొంతసేపు బ్యాటరీమీదా, డీజిల్‌మీదా నిలుస్తుంది. ఆపైన అదీ మూగబోతుంది. బిడ్డలు దూరాన తల్లడిల్లే సమయం సరిగా అదే.

కాబట్టి ఒక్క దారిని నమ్ముకోరాదు. ఇంటికి ఫైబరు తీగ దొరికితే అది పెట్టించుకొని, వేరొక కంపెనీ సిమ్ము ఒకటి ఫోనులో ఉంచుకోవాలి. కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్‌కు సొంత బ్యాటరీ ఉంటుంది, రౌటరుకు ఉండదు. దానికి చిన్న యూపీఎస్ తగిలించాలి. ఉరుములు వినిపిస్తే ప్లగ్గులు ఊడదీయాలి. సీతంపేట, కురుపాం కొండ గ్రామాలవారు సిగ్నలు ఏ ఇంటిముందు ఏ కంపెనీది అందుతుందో స్వయంగా చూచుకొనే కొనాలి. చందా కట్టేముందు "తీగ తెగితే వచ్చేదెవరు? ఎన్నాళ్ళకు వస్తారు?" అని ఇప్పటికే వాడుతున్న ఇరుగుపొరుగును అడగాలి.

చివరగా, 30, 40 వేల రూపాయలు కౌలురైతు ఇంట చిన్న మొత్తం కాదు. అప్పుచేసి కొనమని నేను ఎవరికీ చెప్పను. ఊరి బడిలోనో, శాఖాగ్రంథాలయంలోనో రెండు ల్యాప్‌టాప్‌లూ ఒక మంచి లైనూ ఉండి, సాయంత్రం తలుపులు తెరిచి ఉంటే చాలా ఇళ్ళ అవసరం తీరుతుంది. దూరదేశాలలో స్థిరపడిన మన పిల్లలు ఊరికి గుడి కట్టిస్తున్నారు, సంతోషం. ఆ విరాళంలో కొంత ఇటు మళ్ళించమని నా మనవి. జముకులకథలు, తప్పెటగుళ్ళ పాటలు నోటికి వచ్చిన పెద్దలు ఇంకా కొందరున్నారు. వారు చెబుతుండగా మనుమలు తెలుగులో కొట్టి భద్రపరచడానికి మనకు ఎన్నో ఏళ్ళ వ్యవధి లేదు.